మా అబ్బాయి రిహాబ్ నుంచి తొమ్మిది రోజుల్లో ఇంటికొస్తున్నాడు, సంతోషపడాలో భయపడాలో తెలియట్లేదు

న్యూజెర్సీ నుంచి ఒకమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు, వేయట్లేదు. రాత్రి రెండు దాటాక కూర్చుని రాశానని చివర్లో ఉంది, చాలా పెద్ద ఉత్తరం, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ చెప్తాను.

వాళ్లబ్బాయికి 23 ఏళ్లు, అక్కడే పుట్టి పెరిగాడు. హైస్కూల్లో సాకర్ ఆడుతుంటే మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది, అప్పుడు నొప్పికి రాసిచ్చిన ఆక్సీకోడోన్ మాత్రలతో మొదలైంది కథ. డాక్టర్ ఆపేశాక బయట కొనుక్కున్నాడు, అవి ఖరీదైపోయాక హెరాయిన్‌కి వెళ్లాడు. ఇంట్లో వాళ్లకి మూడేళ్ల పాటు తెలియలేదు. ఈ మధ్య ఒక రాత్రి బాత్రూంలోంచి వింతగా గురక వినిపిస్తే 15 ఏళ్ల చెల్లెలు తలుపు కొట్టింది, పలకలేదు. నాన్న తలుపు పగలగొట్టి చూస్తే నేల మీద ఉన్నాడు, పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. అంబులెన్స్ వాళ్లు ముక్కులో స్ప్రే రెండుసార్లు కొడితే గానీ ఊపిరి రాలేదు. బ్యాగులో జానాక్స్ అనే ఆందోళన తగ్గించే మాత్రలు కూడా దొరికాయి. చుట్టాలకి డీహైడ్రేషన్ అని చెప్పారు. తర్వాత 28 రోజుల రిహాబ్‌లో, అంటే డ్రగ్స్ మాన్పించే సెంటర్లో చేర్చారు, ఇప్పుడు ఇంకో తొమ్మిది రోజుల్లో ఇంటికొస్తాడు.

"మావారు ఇక స్ట్రిక్టుగా ఉండాలంటున్నారు, ఇంకొక్కసారి ముట్టుకుంటే ఇంట్లోంచి పో అని రిహాబ్‌కి వెళ్లి మొహం మీదే చెప్పొచ్చారు. డ్రగ్స్ యావ తగ్గించే సబాక్సోన్ అనే మందు పెడతామని అక్కడి డాక్టరంటే, ఒక డ్రగ్గు మానిపించి ఇంకో డ్రగ్గు ఇస్తారా అని గొడవ పెట్టుకున్నారు. వాణ్ణి ఆర్నెల్లు తెనాలి దగ్గర మా అత్తగారింటికి పంపితే గాలి మారుతుంది, ఈ స్నేహాలు పోతాయి అంటున్నారు. మూడు వారాల్లో మా బావగారమ్మాయి పెళ్లి కూడా ఉంది. ఆ స్ప్రే ఇంట్లో పెట్టుకోమని నర్సు చెప్పింది, కానీ అది ఇంట్లో పెడితే నువ్వు వాడుకో నాయనా మేం చూసుకుంటాం అన్నట్టు కాదా? వాడిప్పుడు ఫోన్లో చాలా బాగా మాట్లాడుతున్నాడు, బరువు పెరిగాడు, అమ్మా ఇంటికొచ్చి పప్పన్నం తినాలనుంది అంటున్నాడు. మళ్లీ అలాంటి రాత్రి రాకుండా నేనేం చూసుకోవాలి?"

అమ్మా,

ముందుగా ఒక మాట, మీ పాప ఆ రాత్రి తలుపు కొట్టబట్టి మీ అబ్బాయి ఉన్నాడు. ఇది ఆ పిల్లకి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఇవాళే చెప్పండి. తన సంగతి కింద మళ్లీ మాట్లాడతాను.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా అనిపించే విషయం. మీ అబ్బాయి గొంతు బాగుంది, ఒళ్లు చేశాడు, ఆకలేస్తోంది, ఇవన్నీ నిజంగా మంచి గుర్తులే, కాదనను. కానీ హెరాయిన్ విషయంలో ఎక్కువ ప్రమాదం బాగా వాడుతున్న రోజుల్లో కన్నా మానేసి బయటికొచ్చిన మొదటి రోజుల్లోనే ఉంటుంది. రోజూ వాడేవాడి శరీరం దానికి అలవాటు పడి ఉంటుంది, ఇంకొకణ్ణి చంపేసే డోసు వీడికి మామూలుగా ఉంటుంది. నాలుగు వారాలు మానేస్తే ఆ అలవాటు శరీరంలోంచి చాలావరకు పోతుంది, మనసులో మాత్రం పాత లెక్కే ఉంటుంది, నాకు ఇంత పడుతుంది అని. ఒక బలహీనమైన సాయంత్రం ఆ పాత లెక్క ప్రకారం తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల రికార్డులు చూసి 2007లో ఒక అధ్యయనం వేశారు, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని తేలింది. రిహాబ్ జైలు కాదు, మీవాడు ఖైదీ కాదు, కానీ కొన్నాళ్లు పూర్తిగా మానేసిన శరీరం ఎక్కడైనా ఒకటే. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పట్లేదు, ఈ తొమ్మిది రోజుల్లో చేసుకోవాల్సిన పనులున్నాయి కాబట్టి చెప్తున్నాను.

మీ ఉత్తరంలో ఇంకో మూడు విషయాలు నన్ను ఆపేశాయి. ఒకటి, ఒకసారి ఓవర్‌డోస్ అయి బతికినవాడికి మళ్లీ అయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. రెండోది జానాక్స్. హెరాయిన్ ఊపిరిని నెమ్మది చేస్తుంది, జానాక్స్ లాంటి మాత్రలూ మద్యమూ కూడా అదే పని చేస్తాయి, విడివిడిగా తట్టుకున్నవాడు రెండూ కలిస్తే తట్టుకోలేడు, హెరాయిన్ చావుల్లో చాలాసార్లు రక్తంలో రెండు మూడు రకాలు కనపడేది ఇందుకే. ఇక్కడ ఒక జాగ్రత్త, మీవాడు జానాక్స్ రోజూ వేసుకునేవాడైతే దాన్ని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు, రిహాబ్ వాళ్లకి ఈ మాత్రల సంగతి తెలుసో లేదో కచ్చితంగా కనుక్కోండి. మూడోది, ఒంటరిగా, తలుపు గడియ పెట్టుకుని వాడాడు. ఓవర్‌డోస్ అనేది పక్కన మనిషుంటే చాలావరకు ఆపగలిగిన చావు. పక్కన ఎవరూ లేకపోవడమే దాన్ని చావుగా మారుస్తుంది.

దీనికి తోడు మీ వైపు ఇప్పుడు హెరాయిన్ అని అమ్మేదాంట్లో హెరాయిన్ ఉంటుందని నమ్మకం లేదు. ఎక్కువగా ఫెంటానిల్ అనే అదే జాతి మత్తుమందు ఉంటుంది, అది హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు బలమైనది, కలిపేవాడు తూకం వేసి కలపడు కదా, ఒకే ప్యాకెట్ల కట్టలో ఒకదాంట్లో కొంచెం ఒకదాంట్లో చాలా ఉండొచ్చు. పాత రోజుల్లో హెరాయిన్ ఓవర్‌డోస్ చాలాసార్లు గంటా రెండు గంటల మీద జరిగేది, ఎవరో ఒకరు చూసే టైం ఉండేది, ఫెంటానిల్‌తో నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో 2022లో అన్ని డ్రగ్స్ ఓవర్‌డోస్‌లు కలిపి 1,07,000 మందికి పైగా పోయారు, 2024కి అది 80 వేల దగ్గరికి తగ్గింది, తగ్గడానికి కారణాల్లో మీ నర్సు చెప్పిన స్ప్రే కూడా ఒకటని చాలామంది నిపుణులు అంటారు.

కాబట్టి స్ప్రే సంగతికొస్తాను. దాని పేరు నాలోక్సోన్, నార్కాన్ అని అమ్ముతారు. మీ అనుమానం తప్పు కాదు, ఏ తల్లికైనా వస్తుంది. కానీ ఒకటి ఆలోచించండి, మీ అత్తగారి ఊళ్లో రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లేవాడి చేతికి టార్చిలైటు ఇస్తాం, అంటే పాము దగ్గరికి వెళ్లమని చెప్పినట్టా? నాలోక్సోన్‌తో మత్తు రాదు, ఉన్న మత్తు దిగిపోయి ఒళ్లంతా నొప్పులూ వాంతులూ వణుకూ వస్తాయి, అది ఇంట్లో ఉందని ధైర్యంగా వాడుకునేవాడు ఉండడు. ఈ మందుని 1961లో పేటెంట్ చేసినవాళ్లలో జాక్ ఫిష్‌మన్ అనే సైంటిస్టు ఒకరు. 2003లో ఆయన సవతి కొడుకే హెరాయిన్ ఓవర్‌డోస్‌తో చనిపోయాడు. ఆ మందు కనిపెట్టినాయన ఇంట్లోనే అలా జరిగిందంటే, అది ఎక్కడో ఆసుపత్రి బీరువాలో ఉంటే ఎవరికీ పనికిరాదని, ఆ క్షణంలో ఆ గదిలో ఉండాలని నాకు అర్థమైంది.

న్యూజెర్సీలో 2023 జనవరి నుంచి 14 ఏళ్లు, ఆపైన ఉన్న ఎవరైనా ప్రభుత్వ స్కీములో చేరిన ఫార్మసీకి వెళ్లి పేరు చెప్పకుండా, డబ్బు కట్టకుండా నాలోక్సోన్ తీసుకోవచ్చు. తెలిసినవాళ్లు కనపడతారని భయమైతే పక్క ఊరి ఫార్మసీకి వెళ్లండి. ఒకటి మీ బెడ్‌రూంలో, ఒకటి కింద హాల్లో అందరికీ తెలిసిన చోట, ఒకటి కారులో పెట్టుకోండి, కానీ ఎండాకాలం కారులో వదిలేయకండి, వేడికి పాడవుతుంది. ఎప్పుడు వాడాలంటే, పేరు పెట్టి పిలిచినా, ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవకపోతే, ఊపిరి చాలా నెమ్మదిగా ఉంటే లేదా ఆ రాత్రి మీ పాప విన్నలాంటి గరగర గురక వస్తుంటే, కంటిపాప సూదిమొనంత అయిపోతే. మన ఒంటిరంగుకి నీలం తెలియదు, పెదాల లోపలి భాగం, గోళ్లు చూడండి, బూడిద రంగులో ఉంటాయి. అనుమానంగా ఉన్నా కొట్టేయండి, ఓవర్‌డోస్ కాకపోతే దానివల్ల నష్టం లేదు. ఒక ముక్కుపుటంలో ఒకటి, 911కి ఫోన్, ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇవ్వడం, రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో ముక్కులో ఇంకొకటి. ఊపిరి వచ్చాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా. లేచి కూర్చుని నాకేం కాలేదు అంబులెన్స్ వద్దు అంటాడు, వినకండి, స్ప్రే పని 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, లోపలున్న డ్రగ్గు ఇంకా ఉంటే మళ్లీ ఊపిరి ఆగొచ్చు. చన్నీళ్లు పోయడం, ఉప్పునీళ్లు తాగించడం, పడుకుంటే తగ్గిపోతుందిలే అని వదిలేయడం, ఇవి వద్దు. ఫోన్ చేస్తే పోలీసులు వాడి మీద కేసు పెడతారేమో అనే భయం ఉంటే, అక్కడ 2013 నుంచి చట్టం ఉంది, ఓవర్‌డోస్‌కి సాయం కోసం ఫోన్ చేసినవాళ్లనీ ఆ మనిషినీ డ్రగ్స్ దగ్గరున్నందుకూ వాడినందుకూ అరెస్టు చేయకుండా కాపాడుతుంది. అమ్మకాల కేసులకి ఆ రక్షణ లేదు, మీకా గొడవ లేదనుకుంటున్నాను. ఫిలడెల్ఫియా వైపు నుంచి వచ్చే సరుకులో జైలజీన్ లాంటి పశువుల మత్తుమందులు కూడా కలుపుతున్నారు, వాటి మీద నాలోక్సోన్ పనిచేయదు, ఊపిరి వచ్చినా మగతగానే ఉండొచ్చు, అప్పుడు స్ప్రేల మీద స్ప్రేలు కొట్టకుండా ఊపిరి చూసుకుంటూ అంబులెన్స్ కోసం ఆగాలి.

ఇప్పుడు మీవారి మాటలు. ఆయన మీద కోపం తెచ్చుకోకండి, తలుపు పగలగొట్టిన మనిషి ఆయనే కదా, ఆ రాత్రి ఆయన కళ్ల ముందునుంచి పోలేదు, అందుకే గట్టిగా అరుస్తున్నారు. కానీ సబాక్సోన్ విషయంలో ఆయన అనుకుంటున్నది తప్పు, దాన్ని సున్నితంగా చెప్పే ఓపిక నాకు లేదు. సబాక్సోన్‌లో ఉన్న బ్యూప్రెనార్ఫిన్ రోజంతా నిలకడగా ఉండి ఆ యావ తగ్గిస్తుంది, ఊపిరిని ఒక స్థాయి దాటి నెమ్మది చేయదు, దాని మీద హెరాయిన్ తీసుకున్నా పెద్దగా ఎక్కదు. బ్యూప్రెనార్ఫిన్ గానీ, ఇదే పనికి వాడే మెథడోన్ అనే ఇంకో మందు గానీ వాడుతున్నవాళ్లలో చావులు దాదాపు సగానికి తగ్గుతాయని ఎన్నో అధ్యయనాల్లో వచ్చింది, మందులేకుండా గట్టి మనసుతో మానేస్తానని వచ్చినవాళ్లకి ఆ రక్షణ లేదు. మీవారికి బీపీ మాత్ర ఉంటే అది మానేయమని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా? వివిట్రాల్ అని నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఇంకోటుంది, అందులో మత్తుమందు అసలుండదు కాబట్టి మీవారికి అది నచ్చొచ్చు, కొంతమందికి బాగానే పనిచేస్తుంది, కానీ ఒక నెల ఇంజెక్షన్ ఎగ్గొడితే లోపల అలవాటేమీ మిగలదు, అప్పుడు పడిపోతే చాలా ప్రమాదం. ఏది కావాలో మీవాడూ డాక్టరూ కలిసి తేల్చుకోవాలి, ఏదో ఒకటి మాత్రం రిహాబ్ గేటు దాటకముందే మొదలవ్వాలి, ఇంటికొచ్చాక అపాయింట్‌మెంట్ చూద్దాంలే అంటే ఆ మధ్యలో వచ్చే పది రోజులే అసలు గండం. 2023 నుంచి సబాక్సోన్ రాయడానికి డాక్టర్లకి అక్కడ ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు, మీ ఫ్యామిలీ డాక్టర్ని కూడా అడగొచ్చు, 26 ఏళ్ల వరకు మీ ఇన్సూరెన్సులోనే ఉండొచ్చు.

తెనాలి పంపడం గురించి, ఆ ఆలోచన ఉత్త మూఢనమ్మకం అని నేననను. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి బానిసలైన అమెరికా సైనికుల్లో చాలామంది ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ దాని జోలికి పోలేదు, లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లని వెతికి పట్టుకుని అడిగి తేల్చారు. చోటు మారితే కొందరికి పట్టు వదులుతుంది, నిజమే. కానీ ఆ సైనికులు వాడిన చోటు వదిలి ఇంటికొచ్చారు, మీవాడికి వాడిన చోటే ఇల్లు. ఆర్నెల్ల తర్వాత నేవార్క్ ఎయిర్‌పోర్టులో దిగుతాడు, అదే గది, అదే రోడ్డు, ఫోన్లో అవే నంబర్లు, శరీరంలో అలవాటు సున్నా. నేను పైన చెప్పిన రెండు వారాల గండం తప్పిపోదు, ఆర్నెల్లు వాయిదా పడుతుంది అంతే. అక్కడికి వెళ్లాక జారితే ఇంకో ప్రమాదం. కెనడాలో షెపర్డ్ సీగెల్ అనే సైకాలజిస్టు బృందం 1982లో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. హెరాయిన్ అలవాటు చేసిన ఎలుకలకి పెద్ద డోసు ఇస్తే రోజూ ఇచ్చే గదిలో 32 శాతం చచ్చిపోయాయి, అదే డోసు కొత్త గదిలో ఇస్తే 64 శాతం, అసలు అలవాటే లేనివైతే 96 శాతం. తట్టుకునే శక్తి ఒంట్లోనే కాదు, చుట్టూ ఉన్న చోటుతో కూడా ముడిపడి ఉంటుందన్నమాట, కొత్త చోట శరీరం సిద్ధంగా ఉండదు. బంధువులింట్లో, హోటల్ రూంలో, కారులో, అలవాటు లేని చోట తీసుకున్నప్పుడు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని చెప్పేది అందుకే.

ఇంకా, తెనాలిలో మీ అత్తగారికి ఏం చెప్పి పంపుతారు? డీహైడ్రేషన్ అనేనా? పెద్దావిడకి నిజం చెప్పకుండా ఆ బరువు ఆమె నెత్తిన పెట్టడం న్యాయం కాదు, చెప్తే ఆమె ఎలా తట్టుకుంటారో మీకే తెలుసు. మన వైపు డీఅడిక్షన్ సెంటర్లు ఎక్కువగా మందు, గంజాయి కేసులు చూస్తాయి. నాలోక్సోన్ పెద్దాసుపత్రుల్లో ఇంజెక్షన్ రూపంలో ఉంటుంది గానీ ఊళ్లో మెడికల్ షాపులో ముక్కు స్ప్రే దొరుకుతుందని లెక్కేసుకోకండి. బ్యూప్రెనార్ఫిన్ మన దేశంలో మత్తుమందుల్ని అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఉన్న మందు, డాక్టర్ లెటర్, ప్రిస్క్రిప్షన్ లేకుండా సూట్‌కేసులో తెస్తే ఎయిర్‌పోర్టులో కష్టం. ఇవన్నీ విన్నాక కూడా పంపాలనుకుంటే పంపండి, కానీ ఇప్పుడే కాదు, సబాక్సోన్ లాంటి మందు మీద కొన్ని నెలలు కుదురుకున్నాక, వాడికి కూడా ఇష్టమైతే, నెల రోజులకి, మీలో ఒకరు తోడు వెళ్లి. ముందే బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ లాంటి చోట ఒక డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకుని, స్ప్రేలు అక్కణ్ణుంచే తీసుకెళ్లి. ఇండియాలో డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, అంబులెన్స్ 108, మీ అత్తగారి ఫోన్లో పెట్టండి.

ఇంటికి తేవడం, సోబర్ లివింగ్ ఇంట్లో, అంటే డ్రగ్స్ మానేసినవాళ్లు కలిసుండే ఇంట్లో పెట్టడం, మీకు ఈ రెండు దారులూ ఉన్నాయి. సోబర్ హౌసుల్లో తోటివాళ్లుంటారు, ఒంటరితనం తగ్గుతుంది, కానీ కొన్ని చోట్ల సబాక్సోన్ వాడేవాళ్లని రానివ్వరు, అలాంటిది అయితే వద్దే వద్దు, ఒక్కసారి జారితే అదే రాత్రి బయటికి పంపేసే చోట్లు కూడా ఉంటాయి, ముందే అడగండి. ఇంటికి తెస్తే మీ కళ్ల ముందుంటాడు, కానీ అందరి భయం వాడి చుట్టూ తిరుగుతుంది, వాడికి ఊపిరాడదు. మీరు ఏది ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. "ఇంకొక్కసారైతే ఇంట్లోంచి పో" అనే మాట మాత్రం వెనక్కి తీసుకోమని మీవారిని బతిమాలండి. ఆ మాట విన్న పిల్లవాడు జారిన రోజు వాడటం ఆపడు, దాచడం నేర్చుకుంటాడు, దాచడమంటే మళ్లీ గడియ పెట్టిన బాత్రూమే. దాని బదులు ఇలా చెప్పొచ్చు, ఇంట్లోకి సరుకు తేకూడదు, చెల్లెలి ముందు వాడకూడదు, డబ్బు చేతికివ్వం, కానీ జారితే ఆ రాత్రి మాకు చెప్పు, ఆ రాత్రి ఎవరం అరవం, పొద్దున్న మాట్లాడుకుందాం. బాత్రూం గడియ తీసేయడానికి వాడు ఒప్పుకుంటాడేమో అడగండి, లేదా బయటనుంచి తీయగలిగేది పెట్టండి, పది నిమిషాలు దాటితే తలుపు కొడతాం, పలకాలి, అని ముందే మాట్లాడుకోండి. వాడికి చెప్పకుండా పీకేస్తే జైల్లా ఉంటుంది, చెప్పి చేస్తే ఒప్పందంలా ఉంటుంది.

వాడికి 23 కాబట్టి వాడి సంతకం లేకుండా డాక్టర్లు మీతో మాట్లాడరు, రిహాబ్‌లోంచి బయటికి రాకముందే మీతో మాట్లాడొచ్చని ఒప్పుకునే ఫారం మీద సంతకం పెట్టించుకోండి, ఇది రేపే చేయాల్సిన పని. ఇంకొకటి మొహమాటం లేకుండా అడగండి, ఆ రాత్రి పొరపాటున ఎక్కువైందా, లేక చచ్చిపోవాలని అనిపించిందా అని. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. అవునంటే రిహాబ్ వాళ్లకి వెంటనే చెప్పండి, ఇంటికొచ్చాక అయితే అక్కడి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఏ టైంలో అయినా ఫోన్ చేయొచ్చు.

పాప గురించి. తనకి స్ప్రే వాడటం నేర్పాలా అని మీరు అడగలేదు, కానీ ఎక్కడుందో, ఎలా వాడాలో తెలిసుంటే తనకే ధైర్యం, ఆ రాత్రిలా చేతులు ముడుచుకుని నిలబడాల్సిన పనుండదు. కానీ అన్నయ్యని కాపలా కాయడం తన పని కాదని గట్టిగా చెప్పండి, మీరిద్దరూ ఇంట్లో లేనప్పుడు వాళ్లిద్దరినే వదలకండి కొన్నాళ్లు. రాత్రుళ్లు లేచి అన్నయ్య గది బయట నిలబడుతోందేమో ఒకసారి గమనించండి, అలా ఉంటే స్కూల్ కౌన్సెలర్‌కి చెప్పండి. మీ కోసం నార్‌అనాన్ అని కుటుంబాల వాళ్ల మీటింగులున్నాయి, ఆన్‌లైన్లో కూడా జరుగుతాయి, కెమెరా ఆపుకుని వినొచ్చు. ఒక్క మనిషికైనా, అక్కకో స్నేహితురాలికో, డీహైడ్రేషన్ కాదని నిజం చెప్పండి, రాత్రి రెండింటికి నాలాంటి తెలియనివాళ్లకి ఉత్తరం రాసే అవసరం రాకుండా.

పెళ్లి సంగతి చివరికి. మూడు వారాలంటే సరిగ్గా ఆ గండం రోజుల్లోనే పడుతుంది. హోటల్, చేతిలో మందు గ్లాసులతో కజిన్లు, ఏం బాబూ ఇంత చిక్కిపోయావు ఉద్యోగం ఏమైంది అని అడిగే పెద్దవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు గదిలో ఒంటరిగా ఒక గంట. వాణ్ణే అడగండి, వెళ్లాలనుందా నాన్నా అని. లేదంటే మీలో ఒకరు వాడితో ఇంట్లో ఉండిపోండి, బావగారికి ఏదో ఒకటి చెప్పొచ్చు. వెళ్తానంటే ముహూర్తానికి వెళ్లి భోజనం చేసి వచ్చేయండి, రాత్రి అక్కడ పడుకోవద్దు, పార్టీకి ఆగొద్దు, మీ హ్యాండ్‌బ్యాగులో పసుపు కుంకుమ పొట్లంతో పాటు ఆ స్ప్రే కూడా ఉండాలి. వాడు ఇంటికొచ్చే రోజు పప్పన్నం పెట్టండి, పక్కన కూర్చోండి, ఆ పూట ఎవరూ దేని గురించీ అడగొద్దని మీవారికి ముందే చెప్పి ఉంచండి.